కొత్త వరి రకం: ముందు ఈనే తేదీ, తర్వాతే పేరు

నెల్లూరు జిల్లాలో వరి వంగడం మీద మాట మొదలైతే ముందుగా వచ్చేది దిగుబడి. ఎకరాకు మూడున్నర పుట్లా, నాలుగా? ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. కొత్త రకం కరపత్రంలో అచ్చయిన దిగుబడి అంకె అబద్ధం కాదు. కానీ అది కయ్యలో రావడానికి ఉన్న షరతులు ఆ కరపత్రంలో ఉండవు. వాటిలో మొదటిది తేదీ. ఎరువు తగ్గితే పైపాటుగా వేసుకోవచ్చు, కలుపు పెరిగితే తీయించుకోవచ్చు. వెన్ను బయటికొచ్చే ఆ పది రోజులు మాత్రం మంచులోనో ముసురులోనో చిక్కుకుంటే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా పోయింది తిరిగి రాదు. అందుకే రకం పేరు అడగకముందే ఈనే తేదీ, అంటే వెన్ను బయటికొచ్చే తేదీ, లెక్క కట్టుకోవాలి.

ఆ లెక్క సులువే. స్వల్పకాలిక రకమైనా దీర్ఘకాలికమైనా ఈనిన తర్వాత కోతకు పట్టేది దాదాపు 30 రోజులే. రకాల మధ్య తేడా అంతా ఈనికకు ముందే ఉంటుంది. కాబట్టి పంటకాలంలోంచి 30 తీసేస్తే, నారు పోసిన రోజు నుంచి ఎన్నో రోజున ఈనుతుందో తెలిసిపోతుంది. అక్టోబరు 1న నారు పోసిన 150 రోజుల బీపీటీ 5204 (సాంబ మసూరి) జనవరి చివరి వారంలో ఈని ఫిబ్రవరి నెలాఖరుకు కోతకొస్తుంది. అదే రోజు పోసిన 120 రోజుల రకం డిసెంబరు ఆఖరుకే ఈనేస్తుంది. అంటే సరిగ్గా మంచు దట్టంగా కురిసే రోజులన్నమాట. నెల తగ్గింది కదా అని సంతోషపడేలోపు మెడవిరుపు (వెన్ను మెడకు సోకే అగ్గితెగులు) పట్టుకుంటుంది. అదే స్వల్పకాలిక రకాన్ని నవంబరు మొదటి వారంలో పోస్తే ఈనిక ఫిబ్రవరికి జరుగుతుంది, కోత మార్చి మొదటి వారంలో పడుతుంది. రకం మారలేదు, నేల మారలేదు, మారింది నారు పోసిన తేదీ ఒక్కటే. చలికాలంలో పంటకాలం వారం పది రోజులు సాగుతుందన్నది కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. కరపత్రంలోని రోజులు అన్ని కాలాలకూ ఒకటిగా వర్తించవు.

డిసెంబరు ఈనికకు తుపాను భయం కూడా ఉంది. ఈశాన్య రుతుపవనాల జిల్లాలివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం ఎప్పుడు వస్తుందో చెప్పలేం. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వాన పిలకల దశలో ఉన్న కయ్య మీద పడితే నీళ్లు తీసేసి కొంత కోలుకోవచ్చు. పూత మీద పడితే పుప్పొడి కడుక్కుపోయి తాలు తేలుతుంది.

అగ్గితెగులు ఇక్కడి కొలబద్ద

గోదావరి జిల్లాల్లో రకాన్ని సుడిదోమ తట్టుకుంటుందా, ముంపు తట్టుకుంటుందా అని అడుగుతారు. నెల్లూరులో మొదటి ప్రశ్న అగ్గితెగులు. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కలకు దిగి, గాలిలో తేమ 90 శాతం దాటి, పొద్దెక్కేదాకా ఆకు మీద తడి ఆరకపోతే ఆ శిలీంధ్రానికి పండగ. డిసెంబరు, జనవరి నెలల్లో పెన్నా ఆయకట్టులో సరిగ్గా ఇదే వాతావరణం. నెల్లూరు వరి పరిశోధన కేంద్రం రకాల్లో అగ్గితెగులు తట్టుకునే గుణానికి అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణమూ ఇదే. నెల్లూరు మసూరి పేరుతో విడుదలైన ఎన్ఎల్ఆర్ 34449 అలా వచ్చిందే: దాదాపు 120-125 రోజుల పంట, సన్నగింజ, అగ్గితెగులును తట్టుకునే గుణం.

అయితే తట్టుకునే గుణం అన్న మాటను రెండు రకాలుగా అపార్థం చేసుకుంటుంటారు. ఒక తెగులును తట్టుకునే రకం అన్నింటినీ తట్టుకుంటుందనుకోవడం మొదటిది. బీపీటీ 5204కే ఎండాకు తెగులు తట్టుకునే జన్యువులు మూడు చేర్చి 2008లో విడుదల చేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఉంది. ఎండాకు తెగులు ఏటా పీడించే చోట అది అమూల్యం. అగ్గితెగులు విషయంలో మాత్రం దానికి మందు కొట్టక తప్పదు. తట్టుకునే గుణం ఎప్పటికీ నిలుస్తుందనుకోవడం రెండో అపార్థం. ఒకే రకం వేల ఎకరాల్లో ఏటా పండిస్తుంటే, దాని రక్షణను దాటగలిగిన తెగులు తెగలే మిగిలి పెరుగుతాయి. విడుదలైనప్పుడు మచ్చ ఎరగని రకం కొన్నేళ్లకు నారుమడిలోనే మాడిపోవడానికి కారణం విత్తనం కల్తీయే కానక్కర్లేదు. పక్క ఊళ్లో అందరూ ఒకే నంబరు వేశారంటే మనమూ అదే వేయాలన్నమాట కాదు, నాలుగోవంతు కయ్యల్లోనైనా వేరే రకం ఉంచుకోవాలన్నమాట.

ఏ రకం వేసినా విత్తనశుద్ధి తప్పదు. దమ్ము నారుమడికైతే లీటరు నీటికి గ్రాము కార్బండజిమ్ కలిపి, కిలో విత్తనాన్ని లీటరు ద్రావణం చొప్పున 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టాలి, అంటే తడి విత్తనాన్ని మొలకెత్తేలా కప్పి ఉంచాలి. పైరులో ఆకు మీద నూలుకండె ఆకారంలో, మధ్య బూడిదరంగు, అంచున ముదురు గోధుమరంగు మచ్చలు కనపడగానే లీటరుకు 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు గానీ, ఒకటిన్నర మి.లీ. ఐసోప్రోథయోలేన్ గానీ కొట్టుకోవాలి. మెడవిరుపు దగ్గరే ఎక్కువమంది ఆలస్యం చేస్తారు. వెన్నులు తెల్లబడ్డాక కొట్టే మందు మందుల కొట్టుకే లాభం. సులువుగా తెగులుకు లొంగే రకాలకు పొట్ట చివరి దశలో ఒకసారి, వెన్నులు సగం బయటికొచ్చాక మరోసారి కొట్టాలి. ఆ రెండు పిచికారీల ఖర్చు కూడా రకం ధరలో భాగమే. మబ్బు పట్టి మంచు కురిసే వారంలో యూరియా చల్లకూడదు. తెగులు సోకిన కయ్యకు ఆకుపచ్చదనం కోసం యూరియా వేయడం నిప్పుకు గాలి విసరడమే.

కాలవ ఆలస్యమైతే

సోమశిల జలాశయం నీటిమట్టం చూసి, సాగునీటి సలహా మండలి సమావేశం అయ్యాక గానీ నీటి విడుదల తేలదు. ప్రకాశంలో సాగర్ కుడి కాలువ కింద దర్శి, ఒంగోలు బ్రాంచి కాలవల చివరి భూముల పరిస్థితి ఇంకా కష్టం. పై భూములు తడిశాకే కిందికి నీళ్లొస్తాయి, ఆపేటప్పుడు మాత్రం అందరికీ ఒకేసారి ఆపేస్తారు. అందువల్ల చివరి భూములకు స్వల్పకాలిక రకమే నయమని అందరూ చెప్తారు. ఆ మాటలో సగమే నిజం ఉంది.

నారు వయసుకు ఓ మోటు లెక్క ఉంది: పంటకాలం ఎన్ని నెలలో నారుమడిలో అన్ని వారాలు. 120 రోజుల రకం నారుకు నాలుగు వారాలు, 150 రోజుల రకానికి ఐదు. నీళ్ల కోసం ఎదురుచూస్తూ నారు 45 రోజులకు ముదిరిందనుకోండి. దీర్ఘకాలిక రకానికి ఇంకా పిలకలు పెట్టే సమయం మిగిలి ఉంటుంది. స్వల్పకాలిక రకం అప్పటికే చిరుపొట్టకు (వెన్ను లోపల రూపుకట్టే దశకు) సిద్ధమవుతుంది, నాటిన నెలన్నరకే నాలుగు పిలకలతో ఈనేస్తుంది. అంటే నీళ్ల తేదీ తెలియనప్పుడు ముందే నారు పోసి కూర్చుంటే ఎక్కువ నష్టపోయేది స్వల్పకాలిక రకమే. ఆ రకం పెట్టుకునేవాళ్లు నారును రెండు విడతలుగా, పది పన్నెండు రోజుల తేడాతో పోసుకుంటే మేలు. విత్తనం కొంత దండగైనా ఫర్వాలేదు. ముదురు నారే నాటాల్సి వస్తే కుదుళ్లు దగ్గర చేసి, కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి, నత్రజనిలో 70 శాతం దమ్ములోనే, మిగతా 30 శాతం చిరుపొట్ట దశలో వేయాలి. పిలకల దశ కోసం దాచే వాటాకు అక్కడ పనిలేదు. ఆ దశే సరిగా రాదు.

ఎడగారు పంటకు, అంటే వేసవిలో నారు పోసేదానికి, ఈ లెక్కే తిరగబడుతుంది. అక్కడ భయం ఎండది. పూత సమయంలో పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి ఎండిపోయి గింజ కట్టదు. మార్చి రెండో వారంలో పోసిన 120 రోజుల రకం జూన్ మొదట్లో ఈనుతుంది. రోహిణి కార్తె వేడి అప్పటికింకా తగ్గదు. ఏప్రిల్ 20 ప్రాంతంలో పోస్తే ఈనిక జూలై మూడో వారానికి జరుగుతుంది. కోత ఆగస్టులో వానల మధ్య పడుతుంది కాబట్టి అప్పుడు చూడాల్సిన గుణం మరొకటి: గింజకు నిద్రావస్థ ఉందా? లేని రకం రెండు రోజులు పడి తడిస్తే వెన్ను మీదే మొలకెత్తుతుంది. ఎంటీయూ 1010 రకం మీద రైతుల ఫిర్యాదు ఇదే. దాని చోట సిఫార్సు చేసే ఎంటీయూ 1153కు రెండు వారాల దాకా నిద్రావస్థ ఉంది. పైరు పడిపోవడమూ తక్కువే.

కాకపోతే మార్చిలో కోసిన వడ్లనే ఏప్రిల్‌లో విత్తనంగా వాడేవాళ్లకు ఈ గుణమే చిక్కు తెస్తుంది. మొలక సగం కూడా రాకపోతే విత్తనం చచ్చిందనుకుంటారు. నిజానికి అది నిద్రలో ఉంటుంది. లీటరు నీటికి 6.3 మి.లీ. గాఢ నత్రికామ్లం కలిపి, నిద్రావస్థ బలంగా ఉన్న రకాలకైతే 10 మి.లీ. కలిపి, 24 గంటలు నానబెట్టి, మంచినీళ్లతో బాగా కడిగి మండె కట్టాలి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి గానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. ఇనుప డ్రమ్ము వాడకూడదు.

కిలోలు కాదు, గింజలు

కొత్త సన్నరకాలకు మారినవాళ్లు నారుమడిలోనే చేసే తప్పొకటి ఉంది. నాటే పద్ధతికి ఎకరాకు 20-25 కిలోల విత్తనం అన్నది లావుగింజల కాలం నాటి అలవాటు. ఎంటీయూ 1010 వెయ్యి గింజలు దాదాపు 23 గ్రాములు తూగుతాయి. సన్నరకం ఆర్‌ఎన్‌ఆర్ 15048వి 13 గ్రాముల చుట్టూ ఉంటాయి. 25 కిలోల సంచిలో మొదటిదైతే 11 లక్షల గింజలు, రెండోదైతే 19 లక్షలు. అదే ఐదు సెంట్ల నారుమడిలో దాదాపు రెట్టింపు మొక్కలు ఇరుక్కుంటాయి. నారు సన్నగా, పాలిపోయి, పొడవుగా సాగుతుంది. గాలి ఆడక అగ్గితెగులు అక్కడే మొదలవుతుంది. తర్వాత ఆ రకమే బలహీనమని చెడ్డపేరు. 15 కిలోలు పోస్తే 11 లక్షల పైచిలుకు గింజలు పడతాయి, అది చాలు. కోత మిషను ఫ్యాను వేగం కూడా ఇలాంటి రకాలకు తగ్గించమని డ్రైవరుకు చెప్పాలి. లేకపోతే తేలిక గింజ గడ్డితోపాటు ఎగిరిపోతుంది. మిషను వెళ్లిన చోట గడ్డి ఎత్తి చూస్తే ఎంత పోతోందో తెలుస్తుంది.

రకం మీదికి నెట్టే మరో నేరం జింకు లోపం. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురు ఆకుల మీద ఇటుకరంగు మచ్చలు, మధ్య ఈనె మొదలు దగ్గర తెలుపు, కురచబడిన పైరు కనపడితే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొడితే తేరుకుంటుంది. సముద్రం వైపు మండలాల్లో ఉప్పు తగిలే కయ్యల సంగతి వేరు. అక్కడ ఎంసీఎం 100 లాంటి ఉప్పు తట్టుకునే రకాలు చూడాలి. మంచి నేలలో అవి నెల్లూరు మసూరితో పోటీపడకపోవచ్చు, చౌడులో నెల్లూరు మసూరి వాటితో పోటీపడలేదు.

సన్నాలా, లావా: ధర లెక్క

2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. పుట్టికి లెక్కిస్తే 20,136, 20,306. సన్నాలు పండించినందుకు సర్కారు తూకంలో అదనంగా వచ్చేది పుట్టికి 170 రూపాయలే. అంటే సన్నాల లాభమంతా ప్రైవేటు వ్యాపారి ఇచ్చే ధర మీదే నిలబడి ఉంది. లావురకం నాలుగు పుట్లు, సన్నరకం మూడున్నర పుట్లు పండే కయ్యలో రెండూ సరితూగాలంటే సన్నాల పుట్టి 23,000 పలకాలి. మెడవిరుపుకు కొట్టే మందు ఖర్చు దాని మీద అదనం. ఈ లెక్క వేసుకున్నాక కూడా సన్నాలే మేలని తేలే ఏళ్లు ఉన్నాయి, అసలు కొనేవాళ్లే లేని ఏళ్లూ ఉన్నాయి.

వ్యాపారి కొత్త నంబరును వెంటనే నమ్మడు. వడ్లు చేత్తో నలిపి, బియ్యపు గింజ కొరికి, పొట్టతెలుపు (గింజ మధ్య తెల్లమచ్చ) చూసి, తనకు తెలిసిన పేరుతో పోల్చి ధర కడతాడు. బీపీటీ పోలిక ఉన్న రకాలకు గిరాకీ తొందరగా దొరకడానికి కారణం అదే. తక్కువ గ్లైసీమిక్ సూచిక (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె), 51 చుట్టుపక్కల ఉందన్న పేరుతో ఆర్‌ఎన్‌ఆర్ 15048 బియ్యం పట్నాల్లో అమ్ముడవుతోంది. ఆ పేరు ధర కళ్లం దాకా వస్తుందని మాత్రం లెక్కలో రాసుకోకూడదు. కొత్త రకం వేసేముందు దగ్గర్లోని మిల్లరును రెండే ప్రశ్నలు అడగాలి: ఈ నంబరు కొంటారా, నూక ఎంత వస్తోంది? నూక కొంత రకం గుణమే అయినా, కోత ఆలస్యం కూడా దాన్ని పెంచుతుంది. గింజలో తేమ 20-22 శాతం ఉన్నప్పుడు కోసి, నీడ తగిలేలా పలచగా ఆరబెడితే నూక తగ్గుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు.

పక్కపక్కనే పెట్టి చూడటం

పరిశోధన కేంద్రం అంకె, పక్క ఊరి రైతు అంకె, మన కయ్య అంకె ఒకటి కావు. అది తేలాలంటే మన కయ్యలోనే చూడాలి. మొత్తం పొలం కొత్త రకానికి ఇవ్వాల్సిన పనిలేదు, పది సెంట్లు చాలు. కాకపోతే ఎక్కువమంది ఈ పరీక్షను గట్టు పక్క మిగిలిన మూలలో పెడతారు. అక్కడ నీళ్లూ నేలా వేరు, తీర్పు కూడా తప్పే వస్తుంది. ఒకే కయ్యను నీరు పారే దిశలో నాలుగు పట్టీలు చేసి పాత, కొత్త, పాత, కొత్త అని వేయాలి. పారుదల మొదటి కొసన ఎప్పుడూ ఒకే రకం లాభపడకుండా ఇది కాపాడుతుంది. పంటకాలం తేడా ఉన్న రకాలైతే నారు ఒకే రోజు పోయకుండా, ఈనే తేదీ దగ్గరపడేలా పోయాలి. ఎరువు, కుదుళ్ల దూరం, నారు వయసు మాత్రం సరిసమానంగా ఉండాలి.

కోత రోజున గట్టుకు రెండు మీటర్లు లోపలికి వెళ్లి ప్రతి పట్టీలో 5 మీటర్లు, 5 మీటర్ల చదరం తాడుతో కొలిచి, వేరుగా కోసి, నూర్చి తూచాలి. ఆ కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. ఇక్కడే తేమ మోసం చేస్తుంది. చదరంలో 17 కిలోలు వచ్చాయంటే 2,754 కిలోలు, మూడుంబావు పుట్లని పొంగిపోతాం. ఆ వడ్లలో తేమ 20 శాతం ఉంటే 14 శాతానికి సరిచూడాలి: 17ను 80తో గుణించి 86తో భాగిస్తే 15.8 కిలోలు. ఎకరాకు దాదాపు 2,560, అంటే మూడు పుట్లు. పావు పుట్టి నీళ్లే. ఆలస్యంగా పండిన రకాన్ని పచ్చిగా తూచి, ముందు పండినదాన్ని ఎండాక తూచి కొత్తదే గెలిచిందనడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

రెండు పాత పట్టీల మధ్యే 150 కిలోల తేడా ఉందనుకోండి. అప్పుడు పాతకూ కొత్తకూ మధ్య 100 కిలోల తేడాకు అర్థం లేదు, అది నేల తేడా. తూకంతోపాటు ఈనిన తేదీ, పడిపోయిన భాగం, కొట్టిన మందులు, మిల్లరు చెప్పిన ధర ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఒక్క ఏడు మంచు కురవకపోతే అగ్గితెగులుకు లొంగే రకం కూడా వీరుడిలా కనపడుతుంది. రెండు పంటలు చూశాక గానీ పొలం మొత్తం మార్చకూడదు.

విత్తనం కొనేటప్పుడు నంబరు ఒక్కటే చూడటం చాలదు, సంచికి కట్టిన ట్యాగు చూడాలి. తెల్లది మూల విత్తనం, నీలిది ధ్రువీకరించినది, ఆకుపచ్చది కంపెనీ తన మాట మీద అమ్మేది. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక, 98 శాతం స్వచ్ఛత ఉండాలి. ఇంకా నోటిఫై కాని నంబర్లు, పరీక్షల్లో ఉన్న కల్చర్లు చిన్న సంచుల్లో చేతులు మారుతుంటాయి. వాటికి ట్యాగు ఉండదు, తేడా వస్తే అడిగే దిక్కూ ఉండదు. నారు పోసే పది రోజుల ముందు సంచిలోంచి వంద గింజలు తీసి తడి గోనెపట్టాలో చుట్టి పెడితే వారానికల్లా మొలక తెలిసిపోతుంది. 80కి తగ్గితే విత్తనం తిరిగిచ్చేయడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. బిల్లు, ట్యాగు, ఓ గుప్పెడు విత్తనం కోత అయ్యేదాకా దాచిపెట్టాలి. కయ్యలో వేరే రకం మొక్కలు ఈనిక వేళ కనపడితే ఫొటో తీసి, రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అధికారులు చూసిపోయేదాకా ఆ కేళీలను పీకకుండా ఉంచాలి. ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో రకం పేరు తప్పుగా పడితే కొనుగోలు కేంద్రంలో ఇబ్బంది పడేది రైతే కాబట్టి, నమోదు చేసిన రోజే అది సరిచూసుకోవాలి.